జాబితాలోంచి కావాల్సినవే ఏరాలంటే: షీట్‌లో వడగట్టాలా, ఫ్లోలో వడగట్టాలా?

పాలకొల్లు దగ్గర రొయ్యలు కొనే ఒక ఏజెంటు ఉన్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆయనకి ఒక జాబితా కావాలి. పొద్దుటి నుంచి కుర్రాళ్ళు చెరువుల మీద తిరిగి, విసురు వల వేసి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి, ఫోన్‌లో ఫారం నింపుతారు. రైతు పేరు, ఊరు, మండలం, కౌంట్, సుమారు ఎన్ని టన్నులు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) ఏ రోజు, యాంటీబయాటిక్ పరీక్ష రిపోర్టు సంగతి. సీజన్ మంచి ఊపులో ఉంటే షీట్‌లో ఆరొందల వరుసలు దాటతాయి. వాటిలో రేపో ఎల్లుండో పట్టుబడి ఉన్నవి, 40 కౌంట్‌లోపువి, టన్నుకి తగ్గనివి, రిపోర్టు క్లియర్ అయినవి మాత్రమే ఐసు, బళ్ళు చూసే మనిషికి వెళ్ళాలి. లెక్కేస్తే పది పన్నెండు వరుసలు.

చేత్తో ఏరితే అరగంట పని. ఆటోమేషన్‌లో పెడితే నిమిషం కూడా పట్టదు. పెట్టే దారులు మాత్రం బోలెడు: పవర్ ఆటోమేట్, మేక్, జాపియర్, ఎన్8ఎన్ లాంటి ఆటోమేషన్ టూళ్ళు, ఉత్త గూగుల్ షీట్స్ ఫార్ములా, షీట్ కోసం చిన్న ప్రోగ్రాం రాసుకునే యాప్స్ స్క్రిప్ట్. ఈ టూళ్ళలో వరసగా పేర్చిన అడుగుల్ని ఫ్లో అంటాం. ఒక్కో అడుగు పవర్ ఆటోమేట్‌లో యాక్షన్, మేక్‌లో మాడ్యూల్, ఎన్8ఎన్‌లో నోడ్. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇలాంటివి నేను కొన్నేళ్ళుగా కట్టిపెడుతున్నాను. వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది "ఏ టూల్ మంచిదండీ?" అని. నేను తిరిగి మూడు అడుగుతాను. మీ జాబితా ఇప్పుడు ఎక్కడుంది? అందులో ఎన్ని వరుసలున్నాయి? వద్దనుకున్న వరుసలతో మీకు ఇంకేమైనా పని ఉందా? ఈ మూడిటికీ జవాబు చెబితే టూల్ సంగతి చాలావరకు తేలిపోతుంది. ఎందుకంటే అసలు ఎంపిక టూళ్ళ మధ్య కాదు, జాబితాని ఏ చోట వడగడతామన్న దాని మధ్య.

పై లాకు దగ్గరా, బోదె దగ్గరా

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాలో నీళ్ళ పంపకానికి ఒక వరస ఉంది. హెడ్ స్లూయిజు, పెద్ద కాలువ, లాకులు, పిల్ల కాలువ, తూము, బోదె, ఆఖరికి చేను. నీళ్ళు ఎక్కడ కట్టేస్తే ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. పైన కట్టేస్తే కాలువంతా ఖాళీగా ఉంటుంది, కింద ఎవరికీ శ్రమ ఉండదు. కానీ పైన పొరపాటున కట్టేస్తే కింద తూము ఎంత ఎత్తినా చుక్క రాదు. జాబితా కూడా అచ్చం ఇలాగే ప్రవహిస్తుంది.

మొదటి చోటు, జాబితా పుట్టేచోటే వడగట్టడం. షేర్‌పాయింట్ లిస్టు (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ జాబితా) నుంచి పవర్ ఆటోమేట్ "గెట్ ఐటమ్స్" అని తెస్తుంది కదా, అందులో "ఫిల్టర్ క్వెరీ" అనే గడి ఉంటుంది. కౌంట్ 40కి తక్కువ లేదా సమానం, పరిమాణం 1కి ఎక్కువ లేదా సమానం, ఇలా షరతులన్నీ అక్కడే రాసేస్తే, ఆ పన్నెండు వరుసలే ఫ్లోలోకి వస్తాయి. డేటాబేస్ ఉన్నవాళ్ళకి క్వెరీలో "వేర్" రాయడం ఇదే పని. మేక్‌లో గూగుల్ షీట్స్ "సెర్చ్ రోస్" మాడ్యూల్‌కీ సొంత ఫిల్టర్ ఉంది.

రెండో చోటు, జాబితా మొత్తం ఫ్లోలోకి వచ్చాక ఒక్క దెబ్బలో వడగట్టడం. అలా వచ్చిన జాబితానే అర్రే అంటారు. పవర్ ఆటోమేట్‌లో "ఫిల్టర్ అర్రే", ఎన్8ఎన్‌లో "ఫిల్టర్" నోడ్, మేక్‌లో రెండు మాడ్యూళ్ళ మధ్య గీత మీద పెట్టే ఫిల్టర్.

మూడో చోటు, ఒక్కొక్క వరుసనీ లూపులో తిప్పుతూ "ఇది కావాలా, వద్దా" అని అడగడం. పవర్ ఆటోమేట్‌లో "అప్లై టు ఈచ్" పెట్టి, దాని కడుపులో "కండిషన్" పెట్టడం.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు నూటికి తొంభై మంది మూడోదాంతోనే మొదలుపెడతారు, మనిషి చేత్తో చేసే పద్ధతి అదే కాబట్టి. ఆరొందల వరుసలుంటే ఆరొందల సార్లు కండిషన్ నడుస్తుంది. పవర్ ఆటోమేట్‌లో నడిచిన ప్రతి యాక్షనూ రోజువారీ పరిమితి లెక్కలోకి వెళుతుంది. లూపు మామూలుగా ఒకదాని తర్వాత ఒకటే నడుస్తుంది. ఒకేసారి 50 వరకు నడిచేలా మార్చుకోవచ్చు కానీ అప్పుడు వరస తప్పుతుంది, మధ్యలో లెక్క దాచుకునే ఏదైనా వేరియబుల్‌కి కలుపుతుంటే తప్పులు దొర్లుతాయి. అదే పని "ఫిల్టర్ అర్రే"లో ఒక్క యాక్షన్. లూపు కావాల్సిందే, కానీ వడగట్టిన తర్వాత, మిగిలిన పన్నెండింటికి. ఈ ఒక్క మార్పుతో ఎన్నో నిమిషాలు పట్టే ఫ్లో సెకన్లలో తెమిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అయితే మొదటి చోటే ఎప్పుడూ మేలా అంటే, జాబితా ఎక్కడుందన్న దాన్ని బట్టి. మన వైపు చిన్న వ్యాపారాల్లో జాబితా ఉండేది ఎక్సెల్‌లో. పవర్ ఆటోమేట్‌లో ఎక్సెల్ టేబుల్ నుంచి వరుసలు తెచ్చే యాక్షన్‌కీ ఫిల్టర్ క్వెరీ ఉంది కానీ దానికి తెలిసినవి అయిదే: సమానం, సమానం కాదు, ఫలానాది ఉంది, ఫలానాదాంతో మొదలవుతుంది, ఫలానాదాంతో ముగుస్తుంది. ఎక్కువ, తక్కువ అన్న పోలికలు రావు. పైగా ఒక కాలమ్ మీద ఒక్క షరతే. "40 కౌంట్‌లోపు" అని అక్కడ అడగనే లేం. కాబట్టి ఎక్సెల్ ఉన్నవాళ్ళకి నా సలహా: రిపోర్టు క్లియర్ అన్న షరతు పైన పెట్టండి, కౌంటూ టన్నులూ ఫ్లోలోపల "ఫిల్టర్ అర్రే"లో పెట్టండి.

ఇక్కడే ఇంకో గండం ఉంది. ఎక్సెల్ నుంచి వరుసలు తెచ్చే యాక్షన్ దాని మానాన దాన్ని వదిలేస్తే మొదటి 256 వరుసలే తెస్తుంది. షేర్‌పాయింట్ అయితే 100. పేజినేషన్ అనే సెట్టింగ్ ఆన్ చేసి, ఎన్ని కావాలో అంకె వేస్తేనే మిగతావి వస్తాయి. ఇది తెలియనివాళ్ళ ఫ్లో రెండు నెలలు చక్కగా నడుస్తుంది. షీట్ 257వ వరుస దాటిన రోజు నుంచి కొత్త చెరువులు జాబితాలోకి రావు. ఎర్రర్ రాదు, ఎర్ర గుర్తు రాదు. ఫిల్టర్‌ని ఎంత తిరగేసి చూసినా తప్పు కనపడదు, ఎందుకంటే తప్పు ఫిల్టర్‌లో లేదు. నీళ్ళు పై లాకు దగ్గరే ఆగిపోయాయి, మనం బోదెలో మట్టి తీస్తున్నాం. వడగట్టిన జాబితా అనుమానంగా ఉంటే ముందు వడగట్టకముందు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి.

వంద కౌంట్ చెరువు దగ్గరికి బండి

రొయ్యల కౌంట్ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై, అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, రేటు తక్కువ. అంకె తగ్గేకొద్దీ సరుకు పెద్దది.

ఒకసారి ఇలాంటి ఫ్లోనే ఎక్సెల్ షీట్ మీద కట్టాను. షరతు "కౌంట్ <= 40". అంటే 40 లేదా అంతకు తక్కువ. నడిపితే వెంటనే ఎర్రర్: పోల్చే రెండూ ఒకే రకం కావు, ఒకటి స్ట్రింగ్ (అక్షరాలు), ఒకటి ఇంటిజర్ (అంకె) అని. ఎక్సెల్‌ని ఫ్లోకి కలిపే కనెక్టర్ అంకెల్ని కూడా అక్షరాలుగానే పంపుతుంది. నేను ఏం చేశానంటే, 40 చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టాను. ఇప్పుడు రెండువైపులా స్ట్రింగే. ఎర్రర్ పోయింది. 30, 35, 50, 60, 80 కౌంట్లతో పరీక్షించాను. 30, 35 వచ్చాయి, మిగతావి ఆగాయి. సరిగ్గా ఉందనుకుని అప్పజెప్పాను.

మూడు వారాల తర్వాత తెల్లవారుజామున ఫోన్. "ఏవండీ, వంద కౌంట్ చెరువు కాడికి బండెందుకు పంపించారండీ? ఐసేసుకుని మరీ వచ్చేశారండీ!" డ్రైవరు, ఐసు పెట్టెలు, నలుగురు మనుషులు, అందరూ అక్కడ నిలబడి ఉన్నారు.

జరిగింది ఇది. అక్షరాలుగా పోల్చేటప్పుడు కంప్యూటరు అంకె విలువ చూడదు, నిఘంటువులో మాటల్ని పేర్చినట్టు ఎడమ నుంచి ఒక్కో గుర్తునీ చూస్తుంది. "100"లో మొదటి గుర్తు 1. "40"లో మొదటి గుర్తు 4. 1 ముందు వస్తుంది కాబట్టి "100" అనేది "40" కంటే చిన్నది. 110, 120 అయినా అంతే. రెండంకెల కౌంట్లన్నీ సరిగ్గా పోల్చబడ్డాయి కాబట్టి నా పరీక్షలో తప్పు బయటపడలేదు. ఆ మూడు వారాల్లో షీట్‌లోకి మూడంకెల కౌంట్ రాలేదు. ఎవరో రైతు చెరువులో జబ్బు చూసి ముందే పట్టేద్దామనుకున్న రోజున వచ్చింది.

దానికి మందు, కౌంట్‌ని "ఇంట్" ఫంక్షన్‌లో పెట్టి అంకెగా మార్చి, కొటేషన్ లేని 40తో పోల్చడం. కానీ అది కూడా ఒక్క అడుగుతో అవదు. కౌంట్ గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటి తగిలినా "ఇంట్" ఎర్రర్ ఇచ్చి ఫ్లో మొత్తం ఆగిపోతుంది. అందుకే నేను రెండు "ఫిల్టర్ అర్రే"లు వరసగా పెడతాను. మొదటిది కౌంట్ ఖాళీగా ఉన్నవాటిని తీసేస్తుంది, రెండోది పోలుస్తుంది. "40-45" అనో "40 కౌంట్" అనో రాసే కుర్రాళ్ళు ఉంటారు కాబట్టి ఫారంలోనే ఆ ప్రశ్నకి అంకె తప్ప ఇంకేదీ ఒప్పుకోని వాలిడేషన్ పెట్టించాను. ఆ రోజు బండి ఖర్చు నేనే ఇచ్చాను. అప్పట్నుంచి ఏ ఫ్లో కట్టినా నా పరీక్ష వరుసల్లో ఒక 9, ఒక 100, ఒక ఖాళీ గడి తప్పనిసరిగా ఉంటాయి.

ఈ విషయంలో టూళ్ళ మధ్య తేడా గట్టిగా ఉంది కాబట్టి పోల్చి చెబుతాను. పవర్ ఆటోమేట్ రకాలు కలవకపోతే ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే, నోరు మూయించకండి. ఎన్8ఎన్ ఫిల్టర్ నోడ్ కూడా మామూలుగా రకాల దగ్గర కచ్చితంగా ఉంటుంది. అవసరమైతే రకం మార్చుకోమనే స్విచ్ ఒకటి ఉంది, షీట్ డేటాకి అది ఉపయోగపడుతుంది. పోలికని "నంబర్" కింద ఎంచుకోవడం మరిచిపోవద్దు. మేక్, జాపియర్‌లో అంకెల పోలికలు, అక్షరాల పోలికలు వేరువేరుగా జాబితాలో కనిపిస్తాయి, సరైనది మీరే ఎంచుకోవాలి. గూగుల్ షీట్స్ అన్నిటికంటే నిశ్శబ్దంగా తప్పుతుంది. అక్షరాలుగా పడిన "38"ని అది ఏ అంకె కంటేనైనా పెద్దదిగా లెక్కేస్తుంది కాబట్టి, ఆ మంచి చెరువు జాబితాలోంచి మాయమవుతుంది. "క్వెరీ" ఫంక్షన్ అయితే ఒక కాలమ్‌లో ఏ రకం ఎక్కువుంటే దాన్నే ఆ కాలమ్ రకంగా తీసుకుని, మిగతా గడుల్ని ఖాళీ కింద చూస్తుంది. వంద వరుసల్లో పది "38 కౌంట్" అని రాసి ఉంటే ఆ పదీ లేనట్టే.

"మరియు", "లేదా" కలిసినప్పుడు

ఏజెంటు నోటితో చెప్పేది ఇలా ఉంటుంది: "పాలకొల్లు, నరసాపురం మండలాలండీ, 40 లోపు." మనిషికి అర్థమైపోతుంది. యంత్రానికి "పాలకొల్లు లేదా నరసాపురం మరియు 40 లోపు" అని బ్రాకెట్ లేకుండా ఇస్తే, మామూలుగా "మరియు" ముందు కలుస్తుంది. అప్పుడు నరసాపురం వైపు 40 లోపువి వస్తాయి, పాలకొల్లు వైపు ఏ కౌంట్ అయినా వచ్చేస్తుంది. రెండు మండలాల్ని బ్రాకెట్‌లో పెట్టి, ఆ తర్వాత కౌంట్ షరతు కలపాలి.

దీన్ని రాసే వీలు టూల్ టూల్‌కీ మారుతుంది. ఎన్8ఎన్ ఫిల్టర్ నోడ్‌లో షరతులన్నీ "మరియు"తోనైనా కలవాలి, "లేదా"తోనైనా కలవాలి, రెండూ కలపనివ్వదు. కాబట్టి రెండు నోడ్‌లు పెట్టండి: మొదటిదాంట్లో మండలాలు "లేదా"తో, రెండోదాంట్లో మిగతావి "మరియు"తో. చూడటానికి పొడుగ్గా ఉన్నా, ఏ నోడ్ దగ్గర ఎన్ని వరుసలు పడిపోయాయో విడివిడిగా కనిపిస్తుంది. నాకు అది ఇష్టం. మేక్, జాపియర్‌లో గుంపు లోపల "మరియు", గుంపుల మధ్య "లేదా". అంటే కౌంట్ షరతుని పాలకొల్లు గుంపులో ఒకసారి, నరసాపురం గుంపులో ఇంకోసారి రాయాలి. రేపు ఆచంట చేరిస్తే మూడోసారి. ఒకచోట 40ని 50గా మార్చి ఇంకోచోట మరిచిపోవడం ఇలాంటి చోటే జరుగుతుంది. పవర్ ఆటోమేట్‌లో నేను "ఫిల్టర్ అర్రే"ని అడ్వాన్స్‌డ్ మోడ్‌కి మార్చి ఒకే ఎక్స్‌ప్రెషన్‌గా రాస్తాను. రాయడం కష్టం, కానీ ఎంత చిక్కు షరతైనా పడుతుంది. గూగుల్ షీట్స్ "ఫిల్టర్" ఫంక్షన్‌లో కామా అంటే మరియు, రెండు షరతుల మధ్య కూడిక గుర్తు అంటే లేదా. అక్కడ "యాండ్", "ఆర్" ఫంక్షన్లు వాడితే పని చేయదు, అవి కాలమ్ మొత్తానికి కలిపి ఒకే జవాబు ఇస్తాయి.

షరతుని ఎటువైపు నుంచి రాయాలన్నది ఇంకా ముఖ్యం. రిపోర్టు విషయంలో "ఫెయిల్ కానివి" అని రాస్తే, రిపోర్టు ఇంకా రాని ఖాళీ గడులు కూడా దాటిపోతాయి, అవీ ఫెయిల్ కాలేదు కాబట్టి. "క్లియర్ అయినవి" అని రాయండి. అందులోనూ "క్లియర్ అన్న మాట ఉంది" అని పెట్టకండి. ఒకసారి ఆ గడిలో కుర్రాడు "క్లియర్ కాలేదు" అని రాశాడు. అందులో క్లియర్ అన్న మాట ఉంది కదా! యాంటీబయాటిక్ అవశేషాలు తేలిన సరుకు ఎగుమతికి వెళ్తే కంటైనరు మొత్తం వెనక్కి వచ్చే వ్యవహారం ఇది. ఆ కాలమ్‌కి మూడే మాటలున్న డ్రాప్‌డౌన్ పెట్టించి, పూర్తిగా సమానమైతేనే దాటేలా రాశాను.

"ఫలానా మాట ఉంది" అనే షరతు మన ఊళ్ళతో ఇంకో రకంగా తంటా పెడుతుంది. రిమార్కుల కాలమ్‌లో ఉండి మండలం వరుసలు వెతుకుదామని "ఉండి" అని పెట్టాం. "చెరువు దగ్గరే ఉండి ఫోన్ చేయండి" అని రాసిన వరుసలన్నీ వచ్చాయి.

పేర్లు, జిల్లాలు, తేదీలు

ఊరి పేర్లని చేత్తో టైపు చేయిస్తే నరసాపురం, నర్సాపురం, రైల్వే వాళ్ళ అలవాటులో నర్సాపూర్, మూడూ వస్తాయి. మూడూ మనకి ఒకటే, ఫిల్టర్‌కి మూడూ వేరే. పేరు చివర కనపడని ఖాళీ ఒకటి అతుక్కున్నా సమానం కాదంటుంది. "ట్రిమ్" చేసుకోవడం మంచిదే కానీ అసలు పరిష్కారం డ్రాప్‌డౌన్.

జిల్లాతో మాత్రం వడగట్టకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. దెందులూరు పాత వరుసల్లో పశ్చిమ గోదావరి, తర్వాతి వరుసల్లో ఏలూరు. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమకి వచ్చింది. పాత, కొత్త వరుసలు కలిసున్న షీట్‌లో జిల్లా షరతు పెడితే ఒకే ఊరు సగం వస్తుంది, సగం రాదు. ఫిల్టర్‌కి మండలమే ఆధారం చేసుకోండి.

తేదీల దగ్గర రెండు విషయాలు చాలు. ఎక్సెల్ తేదీని లోపల అంకెగా దాచుకుంటుంది. 2025 జనవరి 1 దాని లెక్కలో 45658. పవర్ ఆటోమేట్‌కి అదే అంకె వస్తుంది, యాక్షన్ సెట్టింగ్‌లో తేదీ ఫార్మాట్‌ని ఐఎస్ఓ 8601 (సంవత్సరం, నెల, రోజు వరసలో రాసే పద్ధతి) అని మార్చకపోతే. రెండోది, పవర్ ఆటోమేట్ గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనకంటే అయిదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి, పట్టుబడి మొదలయ్యే వేళ నడిచే ఫ్లోకి "ఈరోజు" అంటే మనకి నిన్న. టైమ్ జోన్ మార్చే ఫంక్షన్‌తో ముందు ఇండియా టైమ్‌కి తెచ్చుకుని, తర్వాత పోల్చాలి. ఎన్8ఎన్‌ని సొంత మెషిన్‌లో పెట్టుకుంటే మొదట్లో న్యూయార్క్ టైమ్ ఉంటుంది, ఏషియా/కోల్‌కతా అని మార్చుకోండి.

ఎవరికి ఏది

కడియం నర్సరీ లాంటి వ్యాపారం, రెండు మూడొందల మొక్కల జాబితా, ఏ సైజు కుండీలు ఎన్ని ఉన్నాయో చూసుకోవాలంతే అనుకోండి. ఏ ఆటోమేషన్ టూలూ కొనకండి. గూగుల్ షీట్‌లో రెండో ట్యాబ్ తెరిచి "ఫిల్టర్" ఫంక్షన్ ఒక్కటి రాయండి. జాబితా మారినప్పుడల్లా అదే మారుతుంది, ఆ ట్యాబ్ లింకు మనుషులకి ఇస్తే చాలు. నేను చూసిన చిన్న వ్యాపారాల్లో సగానికి పైగా అవసరం ఇంతటితో తీరిపోతుంది, నెలనెలా కట్టే డబ్బు మిగులుతుంది. సాయంత్రానికి మెయిల్ కూడా వెళ్ళాలంటే దానికి యాప్స్ స్క్రిప్ట్ జత చేయొచ్చు. ఒక్క పరుగుకి ఆరు నిమిషాల పరిమితి ఉంటుంది కానీ, షీట్‌ని ఒకేసారి చదివి లోపల వడగడితే అందులో పదో వంతు కూడా పట్టదు. గడి గడిగా చదివితేనే ఆరు నిమిషాలూ అయిపోతాయి.

వరుసలు ఒక్కొక్కటిగా వచ్చిపడుతూ, వచ్చిన వెంటనే నిర్ణయం కావాలంటే జాపియర్ బాగుంటుంది. కొత్త ఫారం నిండింది, షరతు సరిపోయింది, సందేశం వెళ్ళింది. ఫిల్టర్ దగ్గర ఆగిన వరుసకి టాస్క్ (జాపియర్ బిల్లు వేసే లెక్క) పడదు. సాయంత్రం ఆరింటికి మొత్తం జాబితాని ఒకేసారి వడగట్టే పనికి మాత్రం దాని తీరు అంతగా కుదరదు. ఆ పనికి మేక్ చక్కగా కుదురుతుంది, గీత మీద ఫిల్టర్ కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి కంప్యూటరు రానివాళ్ళకి కూడా చూపించి ఒప్పించొచ్చు. అక్కడా ఫిల్టర్‌కి ఖర్చు లేదు, దాటి వెళ్ళిన వరుసల మీద తర్వాతి మాడ్యూళ్ళు చేసే పనికే లెక్క. కాబట్టి మేక్‌లో ఫిల్టర్‌ని వీలైనంత ముందుకి జరపండి. అది ఎంత ఎడమవైపుంటే బిల్లు అంత తక్కువ.

ఆఫీసులో ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 ఉంటే పవర్ ఆటోమేట్ వాడుకోండి, జాబితాని మాత్రం ఎక్సెల్ నుంచి షేర్‌పాయింట్ లిస్టుకి మార్చండి. పైన చెప్పిన ఎక్సెల్ తంటాలు సగం ఆ మార్పుతోనే పోతాయి. లిస్టు 5000 దాటేలా ఉంటే ఫిల్టర్ చేసే కాలమ్‌లకి ముందే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టండి. ఎన్8ఎన్ నాకు అన్నిటికంటే నచ్చుతుంది, సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు, వరుసల లెక్క మీద బిల్లు ఉండదు. కానీ దాన్ని ఇంట్లో పాత కంప్యూటర్లో పెడతానంటే ఒప్పుకోను. వానాకాలంలో, తుఫాను రోజుల్లో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. అద్దె సర్వర్ తీసుకోండి, చూసుకునే మనిషి ఒకరుండాలి.

రైస్ మిల్లు వాళ్ళ అవసరం వేరు. సార్వా కోతలప్పుడు లారీ లారీకీ తేమ శాతం రాస్తారు. కొనుగోలుకి హద్దు 17 శాతం. ఇక్కడ 17 దాటిన వరుసల్ని పారేయడానికి లేదు, ఆ రైతుకి కబురు వెళ్ళాలి, ఆరబెట్టడానికి చోటు చూడాలి. అంటే వద్దనుకున్నవాటితోనూ పని ఉంది. అప్పుడు "ఫిల్టర్" కాకుండా ఎన్8ఎన్‌లో రెండు దారులు ఇచ్చే "ఇఫ్" నోడ్ తీసుకోవాలి, మేక్‌లో అయితే "రూటర్". పవర్ ఆటోమేట్‌లో అయితే రెండు "ఫిల్టర్ అర్రే"లు, ఒకటి 17 వరకు, రెండోది 17 పైన. ఒకదాంట్లో "17కి తక్కువ" అని, ఇంకోదాంట్లో "17కి ఎక్కువ" అని రాస్తే సరిగ్గా 17 ఉన్న లారీ ఏ జాబితాలోనూ ఉండదు. రెండు జాబితాల మొత్తం అసలు జాబితాకి సమానమయిందో లేదో చూసే ఒక అడుగు పెట్టుకోండి.

ఏమీ మిగలని రోజు

ఏ టూల్ తీసుకున్నా ఇది ముందే ఆలోచించండి. ఒక్క వరుస కూడా షరతులకి సరిపడకపోతే గూగుల్ షీట్స్ "ఫిల్టర్" ఎన్/ఏ అనే ఎర్రర్ చూపిస్తుంది, ఆ గడిని చదివే ఆటోమేషన్ దాన్నే రైతు పేరనుకుని పంపుతుంది. "ఇఫ్ ఎర్రర్"లో చుట్టేయాలి. మేక్‌లో ఏమీ దాటకపోతే ఆ తర్వాతిది నడవదు, సందేశం రాదు. ఎన్8ఎన్‌లోనూ అంతే, ఖాళీగానైనా ముందుకి పంపమనే సెట్టింగ్ పెడితే తప్ప. పవర్ ఆటోమేట్ ఖాళీ అర్రే ఇస్తుంది, దాని పొడవు సున్నానా అని మీరే అడగాలి.

సందేశం రాకపోతే బళ్ళు చూసే మనిషికి రెండు అర్థాలు తోస్తాయి: ఈరోజు చెరువులు లేవు, లేదా ఫ్లో పాడైంది. ఆ తేడా తెలియక ఆయన రాత్రి తొమ్మిదిదాకా ఫోన్లు చేస్తూ కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు పాలకొల్లు ఫ్లో ఇలా ఉంది: రిపోర్టు షరతు పైన, ఖాళీ కౌంట్లు తీసేది ఒకటి, కౌంట్, టన్నులు, తేదీలు పోల్చేది ఇంకోటి, ఆ తర్వాతే లూపు. సున్నా వచ్చినా సరే ఆరుంపావుకి సందేశం వెళ్ళి తీరుతుంది: "చూసిన వరుసలు 612. కౌంట్ ఖాళీగా ఉన్నవి 9. షరతులకి సరిపడినవి 0." మొన్న ఒక సాయంత్రం ఆ మధ్య అంకె 9 నుంచి 140కి ఎగబాకింది. బళ్ళు చూసే మనిషే గమనించి ఫోన్ చేశారు. ఫారంలో ఎవరో కౌంట్ ప్రశ్న పేరు మార్చారు. పది నిమిషాల్లో సరిచేశాం, ఆ రాత్రి వెళ్ళాల్సిన రెండు బళ్ళూ సరైన గట్టు మీదికే వెళ్ళాయి.